అలెగ్జాండ్రియా దీపస్తంభాన్ని కూల్చింది ఎవరు? ‘మినార్’ అనే మాట వెనుక ఉన్న అసలు కథ

పోయిన ఆదివారం మా ఆపా వాళ్లింటికి వెళ్లాను. ఆపా కొడుకు ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. నేను కూర్చున్నానో లేదో ఫోన్ పట్టుకుని వచ్చేశాడు. ‘‘మామూ, ఇది చూడు. నిజమేనా?’’ అన్నాడు. ఎవరో ఫ్రెండ్ పంపిన నిమిషం వీడియో అది. ఈజిప్టులో ప్రపంచ వింతల్లో ఒకటైన పెద్ద లైట్‌హౌస్ ఉండేదట, అరబ్బులు వచ్చి దాన్ని కూల్చేసి ఆ రాళ్లతో కోట కట్టుకున్నారట. వీడియో చివర ఆ కోట ఫొటో, దాని మీద పెద్ద అక్షరాలతో ఒక ప్రశ్న. వాడు మెల్లగా అడిగాడు: ‘‘మనోళ్లే పగలగొట్టారా మామూ?’’

అప్పటికప్పుడు ‘‘అబద్ధం, తీసేయ్’’ అనేయొచ్చు. కానీ నాకూ పూర్తిగా తెలియదు. తెలియకుండా అవునన్నా, కాదన్నా తప్పే కదా. అందుకే వారం రోజులు కూర్చుని చదివాను. వాడికి చెప్పిందే ఇక్కడ మీకూ చెబుతున్నాను. మన పిల్లల ఫోన్లలోకి ఇలాంటి వీడియోలు రోజూ వస్తూనే ఉంటాయి.

ముందు ఆ ద్వీపం గురించి

ఈజిప్టు ఉత్తరాన మధ్యధరా సముద్రం ఒడ్డున అలెగ్జాండ్రియా నగరం ఉంది. అరబ్బీలో ఇస్కందరియ్యా అంటారు. క్రీ.పూ. 331లో అలెగ్జాండర్ పునాది వేసిన ఊరు. ఒడ్డుకు ఎదురుగా, కిలోమీటరు పైచిలుకు దూరంలో ఒక చిన్న ద్వీపం ఉండేది. దాని పేరు ఫారోస్. తర్వాత ఒడ్డు నుంచి ద్వీపానికి రాళ్లతో కట్ట వేశారు. శతాబ్దాల పాటు ఆ కట్టకు రెండు వైపులా ఇసుక పేరుకుపోయింది. అందుకే ఈరోజు వెళ్లి చూస్తే అది ద్వీపంలా కనిపించదు, ఊరికి ఆనుకుని సముద్రంలోకి చొచ్చుకుపోయిన నేలలా ఉంటుంది.

ఆ ద్వీపం తూర్పు కొసన, రేవు ముఖద్వారం దగ్గర, క్రీ.పూ. 280 ప్రాంతంలో లైట్‌హౌస్ పూర్తయింది. మొదటి టాలెమీ రాజు మొదలుపెడితే కొడుకు రెండో టాలెమీ కాలంలో ముగిసింది. కట్టడంతో ముడిపడిన పేరు నైడస్ ఊరికి చెందిన సోస్ట్రాటస్. ఖర్చు 800 టాలెంట్లు అని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. టాలెంట్ అంటే అప్పటి వెండి తూకం. ఆ తూకాలు ఊరికొక రకంగా ఉండేవి. నేను బీకాం చదివినవాణ్ణి, లెక్క చూడకుండా ఉండలేను. ఏ తూకం పట్టుకున్నా 15 టన్నులకు పైగా వెండి అవుతుంది.

ఎత్తు విషయంలో పండితుల అంచనాలు రకరకాలుగా ఉన్నాయి, కానీ ఎక్కువమంది 100 మీటర్లకు పైనే అంటారు. మన చార్మినార్ ఎత్తు సుమారు 56 మీటర్లు. అంటే చార్మినార్ నెత్తిన ఇంకో చార్మినార్ పెట్టినట్టు ఊహించుకోండి. మొత్తం మూడు అంతస్తులు: కింద చతురస్రం, మధ్యలో ఎనిమిది పలకలు, పైన గుండ్రం. కింది అంతస్తు లోపల మెట్లకు బదులు వాలుదారి ఉండేది. గుర్రాలు కూడా పైకి ఎక్కగలిగేంత వెడల్పు.

అంత ఎత్తు ఎందుకు?

రాజుల గొప్ప కోసం కొంత. కానీ అసలు అవసరం వేరే ఉంది. అలెగ్జాండ్రియా తీరం పూర్తిగా చదును. కొండ లేదు, గుట్ట లేదు. సముద్రం మీద నుంచి వచ్చేవాడికి ఒడ్డు ఎక్కడుందో కనిపించదు. కనిపించేసరికి నీళ్లలో దాగిన రాళ్ల మీదికి వచ్చేసి ఉంటాడు. మన కృష్ణా డెల్టా తీరం తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. మచిలీపట్నం దగ్గర సముద్రంలోకి వెళ్లి వెనక్కి చూస్తే కాసేపటికే ఒడ్డు నీటిలో కలిసిపోయినట్టు అవుతుంది.

దీనికి కారణం భూమి గుండ్రంగా ఉండటమే. ఒక చిన్న లెక్క ఉంది, పిల్లలతో చేయించండి. దీపం ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే అది ఎన్ని కిలోమీటర్ల దాకా కనిపిస్తుందో వస్తుంది. దీపం 10 మీటర్ల ఎత్తులో ఉంటే 11 కిలోమీటర్లు. 100 మీటర్ల ఎత్తులో ఉంటే దాదాపు 36 కిలోమీటర్లు. చూసే నావికుడు కూడా 10 మీటర్ల తెరచాప కొయ్య ఎక్కితే ఇంకో 11 కలుస్తుంది. మొత్తం 47. క్రీ.శ. మొదటి శతాబ్దపు చరిత్రకారుడు జోసీఫస్ ఆ వెలుగు 300 స్టేడియాల దూరం కనిపిస్తుందని రాశాడు. ఇప్పటి లెక్కలో 50 కిలోమీటర్ల పైమాట. రెండూ దగ్గర దగ్గరగానే ఉన్నాయి చూడండి.

మన తీరానికీ ఆ రేవుకీ సంబంధం

ఇది ఎక్కడో దూరదేశం కథ అనుకోకండి. ఆ రోజుల్లో భారతదేశం నుంచి వెళ్లిన సరుకు ఎర్ర సముద్రం రేవుల్లో దిగేది. అక్కడి నుంచి ఒంటెల మీద నైలు నదికి, నదిలో పడవల మీద అలెగ్జాండ్రియాకు చేరేది. అలెగ్జాండ్రియాలోనే క్రీ.శ. రెండో శతాబ్దంలో క్లాడియస్ టాలెమీ అనే పండితుడు ప్రపంచ భూగోళం రాశాడు. (ఈయన రాజు కాదు, పేరు మాత్రమే ఒకటి.) అందులో మైసోలియా అనే ప్రాంతం ఉంది. అది మన కృష్ణా తీరమే. కంటకోసిల అనే వర్తక రేవు కూడా ఉంది. అది కృష్ణా జిల్లా ఘంటసాల అని చరిత్రకారులు చెబుతారు. ఆ దీపం నీడన కూర్చున్న మనిషికి మన ఘంటసాల పేరు తెలుసన్నమాట.

ఇక అసలు ప్రశ్న

హజ్రత్ ఉమర్ (ర.అ.) ఖిలాఫత్ కాలంలో, అమ్ర్ బిన్ ఆస్ (ర.అ.) నాయకత్వంలో ముస్లిం సైన్యం అలెగ్జాండ్రియాలో అడుగుపెట్టింది. నగరం చేతికి వచ్చింది క్రీ.శ. 642లో. అప్పటికి ఆ లైట్‌హౌస్ వయసు 900 ఏళ్లు దాటింది. దాన్ని చివరిగా దెబ్బతీసిన భూకంపం వచ్చింది 1303లో. అంటే మధ్యలో 661 ఏళ్లు గడిచాయి. ఆ కట్టడం మొత్తం ఆయుష్షులో నూటికి 40 వంతులకు పైగా ముస్లిం పాలకుల చేతుల్లోనే గడిచింది. కూల్చాలనుకుంటే ఇన్ని వందల ఏళ్లు ఎందుకు ఆగుతారు?

ఆగడమే కాదు, మరమ్మతులు కూడా చేయించారు. తొమ్మిదో శతాబ్దంలో ఈజిప్టును ఏలిన అహ్మద్ ఇబ్న్ తూలూన్ దెబ్బతిన్న పైభాగంలో చెక్క గుమ్మటం కట్టించాడు. పదమూడో శతాబ్దంలో సుల్తాన్ బైబర్స్ మళ్లీ మరమ్మతు చేయించాడు. ఆయన మంగోలులతో, క్రూసేడర్లతో యుద్ధాల్లో తలమునకలై ఉన్న మనిషి. అయినా దీపస్తంభానికి డబ్బు కేటాయించాడు.

ఎందుకంటే రేవుకు అది ప్రాణం. ఓడ వస్తేనే సుంకం, సుంకం వస్తేనే ఖజానా. పైగా అది కాపలా బురుజు కూడా. శత్రువుల ఓడలు వస్తున్నాయా అని చూడటానికి అంతకంటే మంచి చోటు ఇంకేముంది?

నమాజ్ చదివిన దీపస్తంభం

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం వేసిన విషయం ఒకటుంది. ఆ లైట్‌హౌస్ పైన మస్జిద్ ఉండేది.

1183లో అందలూస్ నుంచి, అంటే నేటి స్పెయిన్ నుంచి, ఇబ్న్ జుబైర్ అనే ఆయన హజ్‌కు బయలుదేరి దారిలో అలెగ్జాండ్రియాలో దిగాడు. గ్రనాడా పాలకుడి దగ్గర కార్యదర్శిగా పనిచేసిన మనిషి. లైట్‌హౌస్ లోపలికి వెళ్లి, దాని గదులూ దారులూ చూసి, ఇది మాటల్లో చెప్పలేనిదని అబ్బురపడ్డాడు. పైనున్న మస్జిద్‌కు జనం బర్కత్ కోసం వస్తారని, తానూ అక్కడ నమాజ్ చేశానని తన ప్రయాణ గ్రంథంలో రాసుకున్నాడు.

మన చార్మినార్ పై అంతస్తులో, పడమటి వైపున మస్జిద్ ఉన్న సంగతి మనలో చాలామందికి తెలుసు. ఎక్కడి అలెగ్జాండ్రియా, ఎక్కడి హైదరాబాద్! ఎవరూ ఒకరిని చూసి ఒకరు కట్టారని నేననడం లేదు. ఎత్తయిన చోట అల్లాహ్ పేరు తలుచుకోవాలని మనిషికి అనిపించడం మాత్రం రెండు చోట్లా ఒక్కటే.

ఇంకో విషయం. ఈస్టర్‌కు ముందు వచ్చే గురువారాన్ని ఈజిప్టులో ‘ఖమీసుల్ అదస్’ అనేవాళ్లు, అంటే మసూర్‌పప్పు గురువారం. ఆ రోజు అలెగ్జాండ్రియా జనం పప్పు వండుకుని, మూటలు కట్టుకుని లైట్‌హౌస్ దగ్గరికి వెళ్లేవాళ్లు. తలుపులు తెరిచేవాళ్లు. నమాజ్ చేసేవాళ్లు నమాజ్ చేసేవాళ్లు, ఆడుకునేవాళ్లు ఆడుకునేవాళ్లు. మధ్యాహ్నం దాకా సందడే. జనం అంత ప్రేమగా చూసుకున్న కట్టడం అది.

కొడుకు కోసం రాసిన కొలతలు

ఈరోజు ఆ లైట్‌హౌస్ బొమ్మను ఇంజినీర్లు కంప్యూటర్‌లో గీయగలుగుతున్నారంటే దానికి ఒక ముస్లిం పండితుడి పుణ్యం చాలా ఉంది. పేరు యూసుఫ్ అల్ బలవీ. స్పెయిన్‌లోని మాలగా ఊరివాడు. 1165 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో ఉన్నప్పుడు లైట్‌హౌస్‌ను అంతస్తు అంతస్తుగా కొలిచాడు. కింది చతురస్రం ఎంత, ఎనిమిది పలకల భాగం ఎంత, పై గుండ్రం ఎంత, వాలుదారి వెడల్పు ఎంత, అన్నీ రాసిపెట్టాడు. ఆ కొలతలు ఉన్న పుస్తకం పేరు ‘కితాబ్ అలిఫ్ బా’. తన కొడుకు చదువు కోసం రాసిన పుస్తకం అది.

ఇది చదివినప్పుడు కాసేపు ఆగిపోయాను. ఒక తండ్రి కొడుక్కి ప్రపంచం చూపిద్దామని రాసుకున్న కొలతలే ఎనిమిది వందల ఏళ్ల తర్వాత చరిత్రకారులకు ఆధారం అయ్యాయి.

మరి ఆ కూల్చారన్న కథ ఎక్కడిది?

దాచడం ఎందుకు, ఆ కథ మన అరబ్బీ పుస్తకాల్లోనే ఉంది. పదో శతాబ్దపు చరిత్రకారుడు మసూదీ దాన్ని ఎక్కించాడు. ఖలీఫా వలీద్ బిన్ అబ్దుల్ మలిక్ కాలంలో రోమన్ చక్రవర్తి ఒక గూఢచారిని పంపాడట. వాడు ఇస్లాం స్వీకరించినట్టు నటించి, లైట్‌హౌస్ కింద నిధి ఉందని నమ్మించాడట. సగం తవ్వించి రాత్రికి రాత్రి పారిపోయాడట.

కథ బాగుంది. కానీ లెక్క కుదరదు. వలీద్ పాలన ముగిసింది 715లో. అప్పుడే సగం కూలిపోయి ఉంటే, 450 ఏళ్ల తర్వాత అల్ బలవీ మూడు భాగాలనూ ఎలా కొలిచాడు? ఇబ్న్ జుబైర్ పైకెక్కి నమాజ్ ఎలా చేశాడు? చరిత్రకారులు దీన్ని జానపద కథగానే చూస్తారు. మసూదీ తాను విన్నవి చాలా రాశాడు. విన్నదీ జరిగిందీ వేరని చదివేవాళ్లమే గుర్తుపెట్టుకోవాలి.

కూల్చింది భూకంపం

ఆ తీరం భూకంపాలకు దగ్గర. 956లో వచ్చిన భూకంపం పైభాగాన్ని దెబ్బతీసింది. అసలు దెబ్బ తగిలింది 1303 ఆగస్టు 8న, హిజ్రీ లెక్కలో 702 జుల్‌హిజ్జ 23న. క్రీట్ ద్వీపం దగ్గర సముద్రంలో పుట్టిన ఆ భూకంపం మధ్యధరా తూర్పు భాగాన్నంతా ఊపేసింది. కైరోలో మస్జిద్ మినార్లు కూలాయి. ప్రసిద్ధ అల్ హాకిం మస్జిద్ మినార్ల పైభాగాలు పడిపోతే తర్వాత తిరిగి కట్టారు. వీడియో చేసినవాళ్లు ఈ ముక్క చెప్పలేదు. ఆ రోజు నేల లైట్‌హౌస్‌ను ఒక్కదాన్నే కాదు, మస్జిద్‌లను కూడా వదల్లేదు.

ఆ తర్వాతి సంగతికి సాక్షి మనందరికీ తెలిసిన ఇబ్న్ బతూతా. 1326లో మొదటిసారి అలెగ్జాండ్రియా వచ్చినప్పుడు ఒక వైపు శిథిలమై ఉంది, అయినా లోపలికి వెళ్లి చూశాడు. భారతదేశం, చైనా అన్నీ తిరిగి 1349లో మళ్లీ వచ్చాడు. ఈసారి గుమ్మం దాకా ఎక్కడం కూడా కుదరలేదు, అంతగా పాడైపోయింది. సుల్తాన్ అల్ నాసిర్ ముహమ్మద్ పక్కనే అలాంటిదే ఇంకోటి కట్టించడం మొదలుపెట్టాడని, పూర్తవకముందే చనిపోయాడని కూడా రాశాడు. కూల్చేవాళ్లు కొత్తది కట్టడానికి ప్రయత్నిస్తారా?

కోట వచ్చింది 174 ఏళ్ల తర్వాత

వీడియోలో చూపించిన కోట నిజమే. దాని పేరు ఖైత్‌బే కోట. కట్టించినవాడు మమ్లూక్ సుల్తాన్ అష్రఫ్ ఖైత్‌బే. బానిసగా అమ్ముడుపోయి ఈజిప్టుకు వచ్చి, సైన్యంలో ఎదిగి సుల్తాన్ అయిన మనిషి. ఉస్మానియా తుర్కుల ముప్పు పెరుగుతుంటే 1477లో అలెగ్జాండ్రియా వచ్చి, లైట్‌హౌస్ ఉన్న చోటే కోట కట్టమన్నాడు. రెండేళ్లలో పూర్తయింది. లోపల మస్జిద్ కూడా ఉంది.

అక్కడ పడి ఉన్న రాళ్లు కోటలో వాడారు, అదీ నిజమే. కానీ అప్పటికి భూకంపం వచ్చి 174 ఏళ్లు. కూలిన ఇంటి ఇటుకలతో గోడ కట్టుకోవడం వేరు, ఇల్లు కూల్చడం వేరు. వీడియో ఈ రెంటినీ కలిపేసింది. అందులో ఒక్కో ముక్క విడిగా చూస్తే నిజంలాగే ఉంటుంది, కలిపి చూస్తే అబద్ధం అవుతుంది. ఇలాంటి ఫార్వర్డులు పట్టుకోవడం కష్టమయ్యేది ఇందుకే.

ఆ కోటకూ కష్టాలు తప్పలేదు. 1882 జులైలో బ్రిటిష్ యుద్ధనౌకలు అలెగ్జాండ్రియా మీద ఫిరంగులు పేల్చినప్పుడు తీవ్రంగా దెబ్బతింది. తర్వాత బాగుచేశారు. ఇప్పుడు చూడటానికి రోజూ జనం వస్తుంటారు.

నీళ్ల కింద మిగిలింది

మిగతా రాళ్లు సముద్రంలో పడ్డాయి. 1960ల మొదట్లో కామిల్ అబూ అల్ సాదాత్ అనే ఈజిప్టు డైవర్ కోట దగ్గర నీళ్లలో వాటిని చూసి అధికారులకు చెప్పాడు. 1968లో యునెస్కో తరఫున ఆనర్ ఫ్రాస్ట్ అనే పరిశోధకురాలు పరిశీలించింది. తర్వాత పాతికేళ్లు పెద్దగా కదలిక లేదు. 1990లలో అలల నుంచి ఖైత్‌బే కోటను కాపాడదామని సముద్రంలో కాంక్రీట్ దిమ్మెలు వేయడం మొదలుపెట్టారు. అవి సరిగ్గా ఆ పురాతన రాళ్ల మీదే పడుతున్నాయని గొడవ అయింది. దాంతో 1994లో ఫ్రెంచ్ పురావస్తు శాస్త్రవేత్త జాన్ ఈవ్ ఎంపరర్ బృందం దిగి వేల రాళ్లను గుర్తించింది. 2025లో ఆ గుమ్మానికి చెందిన 22 పెద్ద రాళ్లను పైకి తీశారు. కొన్ని 70, 80 టన్నుల బరువున్నాయి. వాటిని స్కాన్ చేసి, కంప్యూటర్‌లో లైట్‌హౌస్‌ను తిరిగి నిలబెట్టే పని జరుగుతోంది.

మాట మాత్రం బతికే ఉంది

ఆ ద్వీపం పేరు ఫారోస్ నుంచే ఫ్రెంచి, స్పానిష్ భాషల్లో లైట్‌హౌస్‌కు పేరు వచ్చింది. అరబ్బీలో లైట్‌హౌస్‌ను ‘మనారా’ అంటారు. నార్ అంటే నిప్పు, నూర్ అంటే వెలుగు. మనారా అంటే వెలుగు ఉండే చోటు. మనం రోజూ పలికే ‘మినార్’ ఈ మాటే.

నబీ (స.అ.) కాలంలో మస్జిద్‌లకు మినార్లు లేవు. హజ్రత్ బిలాల్ (ర.అ.) ఎత్తయిన ఇంటి కప్పు మీద నిలబడి అజాన్ ఇచ్చేవారు. మినార్లు తర్వాత వచ్చాయి. వాటి ఆకారం ఈ లైట్‌హౌస్ నుంచే వచ్చిందా అన్నదానిపై పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. డమాస్కస్‌లోని తొలి మినార్లు అక్కడి పాత బురుజుల మీద లేచినవేనని కొందరు అంటారు. ఆకారం సంగతి ఎలా ఉన్నా, పేరు మాత్రం వెలుగుదే.

మొన్న ఫోన్‌లో ఇదంతా మేనల్లుడికి చెప్పాను. వాడు సగం విన్నాడు, సగం ప్రశ్నలే వేశాడు. వర్గమూలం లెక్క మాత్రం కాగితం మీద చేసి, ‘‘మామూ, చార్మినార్ పైనుంచైతే దాదాపు 27 కిలోమీటర్లు’’ అన్నాడు. సరిగ్గానే వేశాడు. వీడియో పంపిన ఫ్రెండ్‌కు ఏం చెబుతావని అడిగాను. ‘‘కోపంగా ఏం చెప్పను. కోట ఏ సంవత్సరంలో కట్టారో, భూకంపం ఏ సంవత్సరంలో వచ్చిందో రెండూ రాసి పంపిస్తా, తీసివేత వాడే చేసుకుంటాడు’’ అన్నాడు.

నేను వారం చదివి చెప్పింది వాడు రెండు అంకెల్లో చెప్పేశాడు: 1303, 1477. మీ గ్రూపులో ఆ వీడియో వస్తే మీరూ అవే పంపండి.